డాబా మీద గాలి

మొదట్లో నూకరాజు చేతిలో ఉన్నవి ఇవి: బెంగాలీల నడుమ తెలుగు రైల్వేవాళ్ల పేట అయిన ఝపటాపూర్‌లో ఆ వీధికంతటికీ ఎత్తయిన డాబా, దాని మీద పరిచే పన్నెండు చాపలు, కప్పడానికి రెండు పాత చీరలు, పొద్దున ఎనిమిది నుంచి మూడు దాకా అడ్డం లేని ఎండ, నలుసు లేని గాలి. ఎండకీ గాలికీ ఎవరూ బిల్లు పంపరు. అందుకే అతను వాటినే అసలు సరుకనుకునేవాడు. మినపప్పు ఎవడైనా కొని తెచ్చుకుంటాడు, ఆ గాలి ఎక్కడ కొంటాడు?

భార్య జోగమ్మ ఒత్తిన అప్పడాలు ఆ డాబా మీదే ఎండేవి. తెలుగువాళ్ల పెళ్లిళ్లకు అప్పడాలు, బెంగాలీలకు గొయ్‌నా బొడి అని వాళ్లు ముచ్చటగా పిలుచుకునే తెల్లటి మినప వడియాలు, గసగసాల మీద నగల్లా మెలికలు తిప్పినవి. తెల్లటి సరుకు మీద ఒక్క మసి రవ్వ పడితే చాలు, కొనేవాడు మొహం తిప్పుకుని పోతాడు.

అలాంటి డాబాకి మైలు దూరంలో చెత్త కాల్చే ప్లాంటు పెడతారని కబురొచ్చింది. ఊరి చెత్తంతా అందులో కాలుతుందట, పొగగొట్టం తాటిచెట్టుకి రెండింతలట. వీధిలో అందరూ ఊపిరితిత్తుల గురించి మాట్లాడుకున్నారు. నూకరాజు ఊపిరితిత్తుల్ని తీసిపారెయ్యలేదు గానీ, అతని కళ్లకు కట్టింది మాత్రం బూడిద పడ్డ అప్పడమే.

"ఆ గొట్టం లేసిందంటే మన పని అయిపోయినట్టే," అన్నాడు భార్యతో.

"అయితే ఎల్లి కమిటీలో సేరు. అప్పడాలొచ్చి అరుస్తాయేటి?" అంది జోగమ్మ.

చేరాడు. కమిటీ అధ్యక్షుడు ఈశ్వరప్రసాద్, రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన పెద్దమనిషి, ముప్ఫయ్యేళ్లు యూనియన్ నడిపినవాడు. ఆయన లెక్కలో పోరాటానికి మూడు మెట్లు: మెమొరాండం, గేటు మీటింగు, దిష్టిబొమ్మ. జీతాల గొడవైనా, క్వార్టర్లలో నీళ్ల గొడవైనా ఆ మూడే. నాలుగో మెట్టు ఎవరూ చూడలేదు. ప్లాంటు విషయంలో మొదటి రెండూ అయిపోయాయి.

ఈలోగా గాలి కొలిచే ఆఫీసరు దిగాడు, నడివయసు బెంగాలీ. ప్లాంటు రాకముందు ఇక్కడి గాలి ఎలా ఉందో ఒక పగలంతా కొలిచి రాయాలట. పెట్టెలాంటి మిషను పెట్టుకోవడానికి ఎత్తయిన చోటు చూపించమన్నాడు.

నూకరాజు చటుక్కున లెక్క వేశాడు. ఇక్కడి గాలి ఇంత శుభ్రమని సర్కారు కాగితం మీద పడ్డాక, దాన్ని పాడు చెయ్యడానికి ఎవడికి చెయ్యాడుతుంది? "మా డాబా మీద పెట్టుకోండి దాదా," అని రెండు చాపలు చుట్టేసి చోటిచ్చాడు. తర్వాత కిందికి దిగి ఎదురింటి ఎలీసమ్మ దగ్గరికెళ్లాడు. ఆవిడ రోజూ వాకిలూడ్చి ఆకులూ కవర్లూ కుప్పేసి అంటిస్తుంది. ఆ పొగ మీద వాళ్లిద్దరికీ పదేళ్ల తగువు.

"ఎలీసమ్మా, నీకు దణ్ణవెడతాను. ఈ ఒక్కరోజూ అగ్గిపెట్టి ముట్టుకోకు."

"ఊరందర్నీ ఒగ్గేసి నా గుప్పెడాకులే కనపడ్డాయేటి నీకు? ఠీక్ హై, నీ మిషను మొకం సూసి ఊరుకుంటాను."

అంతా సర్దేశాననుకున్నాడు. ఆఫీసరు వచ్చిన సంగతి ఈశ్వరప్రసాద్‌కి కూడా తెలుస్తుందని తోచలేదు.

పదకొండింటికి డాబా కిందున్న చౌరస్తాలో నినాదాలు మొదలయ్యాయి. "పొగ వద్దు! పొగ వద్దు!" మనిషి దిష్టిబొమ్మయితే గడ్డితో అయిపోతుంది. ప్లాంటుకి దిష్టిబొమ్మ చెయ్యాలంటే? రైల్వే వర్క్‌షాపులో అరిగిన చేతులు అక్కడ ఆగుతాయా? పెద్ద రేకు డ్రమ్ము నిలబెట్టారు. పొగగొట్టానికి బదులు అయిదు పాత టైర్లు పేర్చారు. లోపల ఎన్నికల ఫ్లెక్సులూ, చిరిగిన ప్లాస్టిక్ సంచులూ కుక్కారు. ఆ సంచులు నూకరాజువే. నిన్న కమిటీవాళ్లు అడిగితే, పారేసే శ్రమ తప్పిందని సంతోషంగా ఇచ్చాడు. ఎందుకని అడగలేదు.

మెట్లు రెండేసి దూకుతూ దిగాడు. "ప్రసాద్‌గారూ, ఆగండి! పైన మిషనుంది!"

"ఉండనీ నూకరాజూ. మన బలమేమిటో ఆఫీసరు కళ్లారా చూడాలి."

"ఆయన కళ్లతో సూడడండీ, పెట్టితో సూస్తాడు!"

"అయితే పెట్టే చూస్తుంది," అని ఈశ్వరప్రసాద్ అగ్గిపుల్ల గీశాడు.

జనం చప్పట్లు కొట్టారు, ఆపైన దగ్గారు, ఆపైన పరుగెత్తారు. పొగ ఒక్కటే ఎక్కడికీ పోకుండా లావుగా లేచి, తిన్నగా డాబా ఎక్కింది.

"నా ఆకులేటి పాపం సేసినాయి రాజూ?" అంది ఎలీసమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

జోగమ్మ చీరలు కప్పేలోపే సుభాష్‌పల్లి పెళ్లివారి అప్పడాల మీద నల్లటి రవ్వలు వాలాయి. ఆఫీసరు కళ్లు తుడుచుకుంటూ అంకెలు రాసుకుంటున్నాడు.

"రేపు ఇంకోసారి కొలవండి దాదా," అని నూకరాజు బతిమాలాడు.

"ఒక్క పగలే ఆర్డరు, దాదా. వచ్చింది వచ్చినట్టే రాయాలి."

ఆ తర్వాత నూకరాజు తనని తాను తిట్టుకోని రోజు లేదు. ఎలాగూ మురికి గాలే, ఇంకాస్త కలిస్తే పోయేదేముందని ప్లాంటు కంపెనీ అంటుంది. ఆ మాట అనిపించడానికి సంచులిచ్చింది తనే.

రెండు నెలలకి సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. ఈశ్వరప్రసాద్ చౌరస్తాలో నిలబడి అందరికీ తెలుగులో చెప్పాడు. ఈ ప్రాంతపు గాలి ఇప్పటికే హద్దు దాటి ఉన్నందున మరో పొగకి ఇక్కడ తావు లేదు. ప్లాంటు అనుమతి నిలిపివేయడమైనది. ఆరు నెలలకోసారి కొలుస్తాం, గాలి బాగుపడితే మళ్లీ పరిశీలిస్తాం.

వీధంతా రసగుల్లాలు పంచుకున్నారు. నూకరాజు ఒకటి నోట్లో వేసుకుని సగంలో ఆగాడు.

"గాలి బాగుపడితే అంటే ఏటండీ?"

"అంటే, బాగుపడనివ్వకూడదు," అన్నాడు ఈశ్వరప్రసాద్.

అక్కడికక్కడే తీర్మానమైంది. ప్రతి ఆదివారం ఇదే చౌరస్తాలో దిష్టిబొమ్మ దహనం. ఏ ఇంటి చెత్త ఆ ఇంటివారే తెచ్చి వెయ్యాలి. పదేళ్లుగా ఎవరూ చెప్పకుండానే ఈ సేవ చేస్తున్నందుకు ఎలీసమ్మకి సన్మానం. శాలువా కప్పే పని నూకరాజుకి పడింది.

"సరిగ్గా కప్పు రాజూ, జారిపోతంది," అందావిడ.

తెల్లటి వడియాల పని ఆ వారమే మానేశాడు. నాలుగు రోజులు డాబా మీద కూర్చుని ఆలోచించి, అయిదో రోజు అప్పడాల పిండిలో దంచిన మిరియాలు కలపమన్నాడు. ఎండిన అప్పడం చేతిలో తిప్పి చూసింది జోగమ్మ.

"ఇందులో మిరియమేదయ్యా, మసేది?"

"నీకే తెలవకపోతే కొనేవోడికేటి తెలుస్తాది?"

చివరికి లెక్క చూస్తే ఇదీ: ప్లాంటు రాలేదు. డాబా ఉంది, చాపలు పన్నెండూ ఉన్నాయి, ఎండ ఉంది. గాలి పోయింది, దాంతోపాటు బెంగాలీల బేరం పోయింది. కొత్తగా చేతికొచ్చింది మిరియాల అప్పడం. ఆదివారాలు పిండిలో మిరియాలు సగానికి తగ్గించినా సరిపోతుంది. మిగులంటూ ఉంటే అదే.