విడిగా ఉతికే బట్టలు

తోటకు పురుగుమందు కొట్టిన రోజు కొడుకు మునిచంద్ర బట్టలు ఇంటి బట్టలతో కలపకూడదన్నది గంగులమ్మ పెట్టిన నియమం. కోడలు సుజన వాటిని తోటలోని బోరు దగ్గరికి తీసుకెళ్ళి, విడిగా నానబెట్టి, చేత్తో రుద్ది, విడిగానే ఆరేస్తుంది. ఆ విషం ఇంట్లోవాళ్ళకు అంటకూడదని అత్త జాగ్రత్త. ఉతికే మనిషి ఆ ఇంట్లోవాళ్ళ లెక్కలో లేదని సుజనకు తెలియడానికి చాలా ఏళ్ళే పట్టింది.

కాపురానికి వచ్చిన కొత్తలో, పూత కాలంలో ఆ బెంగళూరా మామిడి తోటలో అడుగుపెడితే తేనెటీగల రొద చెవుల్లో నిండిపోయేది. ఇప్పుడు చెట్టంతా పూసినా ఒక్క ఈగ వాలదు. పిందె పడక పూత మాడి రాలిపోతుంటే, పురుగు తినేసిందని మునిచంద్ర ఇంకో మందు తెస్తాడు. ఆయన వీపుకు పంపు తగిలించుకునేలోపు డ్రమ్ములో మందు కలిపి పెట్టేది సుజనే. కట్టెతో తిప్పితే అడుగున ముద్ద కరగదని మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆయనే ఆ చెయ్యి పట్టుకుని మురిపెంగా నేర్పాడు.

రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి తిరుపతిలో డాక్టరమ్మ అడిగింది, పురుగుమందుల దగ్గర పనిచేస్తావా అని. సుజన నోరు తెరిచేలోపే మునిచంద్ర అందుకున్నాడు.

"లేదు మేడమ్. మందు కొట్టేది నేను. ఈమె ఇంటికాడే ఉంటాది."

ఆయన అబద్ధం చెప్పలేదు. సుజనను ఇప్పటికీ కాల్చేది అదే. కలపడం, పంపు కడగడం, బట్టలుతకడం ఆయన కళ్ళకు పనిలా కనబడలేదు, అంతే. డాక్టరమ్మ తలాడించి బలానికి మాత్రలు రాసింది. ఇంటికి రాగానే గంగులమ్మ, తమ వంశంలో యాడా ఇట్ల లేదని నిట్టూర్చి, గంగమ్మ గుడిలో ఉయ్యాల కట్టించింది. తేనెటీగలు ఏమైపోయాయని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. ఎవరికీ తెలియదు. ఈ ఉదయం డ్రమ్ము ముందు నిలబడి, చెయ్యి కొంగులో దాచుకుని అంది సుజన.

"ఈసారి నేను కలపను."

మునిచంద్ర కోప్పడలేదు. "అంతే గదా, నేనే కలుపుకుంటాలే," అన్నాడు. ఇంత సులువా అని ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట అననందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

సాయంత్రం ఆయన తడిసిన బట్టలు బోరు దగ్గర విప్పి పడేశాడు. "ఇవన్నా ఉతుకుతావా, లేదా?" అన్నాడు నవ్వుతూ. సుజన చూపు బోరు మీద పడింది. మందు కొట్టిన చెట్ల మధ్యే ఆ బోరు. ఇన్నేళ్ళ డ్రమ్ములు కడిగిన నీళ్ళన్నీ దాని చుట్టూనే ఇంకాయి. వంటింటి బిందెలోకి వచ్చేదీ దాని నీళ్ళే. పొద్దుట్నుంచీ చెయ్యి కాపాడుకున్నానని సంబరపడుతూ తను తాగిందీ అవే. ఇక ఏ చెయ్యి దాచుకుని ఏం లాభం?

బట్టలు నానబెట్టింది. ఈ కడుపు సంగతి ఎవరికీ చెప్పకూడదని అప్పుడే అనుకుంది. చెప్పకుంటే, ఇదీ నిలవకుండా పోయిన రోజున ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఉతకాల్సిన వాటిలో నెత్తురంటిన తన చీర ఒకటి చేరుతుంది. దాన్నీ విడిగానే ఉతుక్కుంటుంది.