పద్నాలుగు రోజుల మందు

పుస్తకాల బైండింగ్ దుకాణంలో ఫారాలు కుట్టే పని ఆమెది. అచ్చయి వచ్చిన కాగితాలను మడిచి, దారంతో కుట్టి, ఆ కట్టను ఇనుప ప్రెస్సులో పెట్టి పిడి బిగించాలి. ఆ పిడి తిప్పుతుండగానే పొత్తికడుపులో మొదటిసారి చురుక్కుమంది. బరువులెత్తడం వల్ల పట్టేసిందనుకుని, నడుముకు నూనె రాసుకుంటూ రెండు వారాలు నెట్టుకొచ్చింది.

తర్వాత నెలసరి కాని రోజుల్లో మరకలు కనిపించాయి. తెల్లబట్ట ఎక్కువైంది, వాసన మారింది. భర్త దగ్గరికి వస్తే నొప్పికి పళ్లు బిగబట్టేది. ఎవరికీ చెప్పలేదు. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి, అయి ఎనిమిది నెలలే. ఆమె మొదటి భర్త జబ్బుతో పోయాడు. లిఫ్టు మెకానిక్కుగా పనిచేసే ఇతని మొదటి కాపురం ఏడాదికే చెడింది. ఈ సంబంధం కుదిర్చింది అతని అక్కే. ఆవిడదీ అదే దుకాణం, అట్టలు అతికించే పని.

ఒక ఉదయం కుట్టు మధ్యలో ఆమె బల్ల పట్టుకుని కూలబడింది.

"ఏమైందే, ముఖం అలా పాలిపోయింది?" అంటూ వదిన వచ్చింది. "ఏమన్నా విశేషమా?"

"విశేషమూ లేదు, పాడూ లేదు. నొప్పి వదినా."

వదిన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్లు కాలిపోతోంది. చేతికంటిన జిగురు కూడా కడుక్కోకుండా ఆమెను ఆస్పత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ మొదట గర్భం లేదని తేల్చుకుంది. తర్వాత లోపల పరీక్ష చేసి, నమూనా తీసింది. వేలు తగలగానే ఆమె ప్రాణం విలవిల్లాడింది.

"దీన్ని పి.ఐ.డి. అంటాం" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "కింది నుంచి క్రిములు గర్భసంచిలోకి, పక్కనున్న గొట్టాల్లోకి పాకి వాపు తెస్తాయి. రిపోర్టులొచ్చేదాకా ఆగను, ఇవాళే మందు మొదలుపెడదాం. ఆలస్యమైతే గొట్టాల్లో మచ్చలు పడతాయి, పిల్లలు పుట్టడం కష్టమవుతుంది."

ఒక ఇంజక్షను, పద్నాలుగు రోజులకు రెండు రకాల మాత్రలు. నొప్పి పోయినా ఆపకూడదు. మూడో రోజు మళ్లీ కనపడాలి. ఈలోగా వాంతులైనా, జ్వరం పెరిగినా వెంటనే వచ్చెయ్యాలి.

"మీ ఆయన్నీ పంపు. ఏ బాధా లేకపోయినా ఆయనకీ మందు పడాలి. ఇద్దరిదీ పూర్తయ్యేదాకా దూరంగా ఉండండి."

"ఎవరి నుంచి వచ్చింది డాక్టరుగారూ?"

"చెప్పలేనమ్మా. కొన్ని క్రిములు చాలాకాలం చడీచప్పుడు లేకుండా ఉంటాయి. కొందరికి అసలు కలయిక వల్ల రాదు కూడా. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది సాక్ష్యం కాదు."

బయటికి రాగానే వదిన గొంతు తగ్గించింది. "తమ్ముడికి ఇవన్నీ చెప్పకు. వేడి చేసిందని చెప్పు, సరిపోతుంది. లేనిపోని అనుమానం పెట్టుకుంటాడు."

"ఆయన మందు వేసుకోకపోతే నాకు మళ్లీ వస్తుంది కదా వదినా?"

వదిన వేళ్లకు ఎండిన జిగురు గీక్కుంటూ నడిచింది.

సాయంత్రం అతను చేతుల గ్రీజు కడుక్కుని వచ్చేసరికి, ఆమె మాత్రలు బల్ల మీద పెట్టి కూర్చుంది. మరకల దగ్గర్నుంచి ఒక్కటీ దాచకుండా చెప్పింది. అతను తువ్వాలుతో ఆరిన చేతులనే తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎవరి వల్ల?" అన్నాడు చివరికి.

"నేనూ అదే అడిగాను. డాక్టరుకే తెలియదు. నీకూ నాకూ ముందు ఇంకో కాపురం ఉంది. ఎక్కడని వెతుకుతాం?"

"నాకేం లేదుగా. బాగానే ఉన్నాను."

"లిఫ్టు మధ్యలో ఆగిపోయాకే చూస్తావా, నడుస్తున్నప్పుడే చూస్తావా?"

అతనికి నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. ఆ రాత్రీ, మర్నాడూ ముక్తసరిగా మాట్లాడాడు. ఆమె ఒత్తిడి చెయ్యలేదు కానీ, లోపల బితుకుబితుకుమంటూనే ఉంది. మూడో రోజు ఆమె ఆస్పత్రికి వెళ్లేసరికి అతను పని బట్టలతోనే వరుసలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ ఉంచాడు.

"ఆడవాళ్ల ఆస్పత్రిలో నేనొక్కణ్నే మగాణ్ని. అందరూ లిఫ్టు బాగుచెయ్యడానికొచ్చాననుకుంటున్నారు" అన్నాడు.

ఆమె చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. జ్వరం దిగిపోయిందనీ, మందు పనిచేస్తోందనీ డాక్టరమ్మ చెప్పింది. రిపోర్టులో క్రిమి దొరికింది. అతనికీ మాత్రలు రాసింది.

అతను తన పడక ముందుగదిలోకి మార్చుకున్నాడు. ఎనిమిదో రోజుకు ఆమెకు నొప్పి లేదు. మాత్రలకు నోరంతా చేదు, కడుపులో తిప్పడం. "ఇక చాల్లే" అని పక్కన పెట్టబోతే, అతనే నీళ్ల గ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "మింగు. నేనూ మింగుతున్నాగా."

మందు అయిపోయింది. మూడు నెలలకు చేసిన పరీక్షలో ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. గొట్టాలకు ఏమైనా అయిందో లేదో కాలమే చెప్పాలనీ, గర్భం వస్తే అది సంచిలోనే నిలిచిందో లేదో చూడటానికి తొలి వారాల్లోనే స్కానింగుకు రమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట మనసులో కొంచెం బరువుగానే మిగిలింది.

మర్నాడు దుకాణంలో ఆ సంగతి చెబితే, వదిన జిగురు కుంచె పక్కన పెట్టింది.

"నాకూ ఇలాగే వచ్చిందే, ఇరవై అయిదేళ్లప్పుడు. జ్వరం, ఆ వాసన, అంతా. వేడి అన్నారు. మజ్జిగ తాగి పడుకున్నాను. తర్వాత కడుపు పండలేదు. అది దీనివల్లో కాదో నాకేం తెలుసు? ఇప్పటికీ అప్పుడప్పుడు అక్కడే లాగుతుంది."

"ఇప్పటికీనా? మరి చెప్పవేం?"

"ఈ వయసులో ఏమని చెప్పను?"

"లాగుతోందని చెప్పు. పద."

వదిన నసిగింది, జిగురు ఎండిపోతుందంది, చీర బాగాలేదంది. ఆమె వినలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, డాక్టరమ్మ గది తలుపు దాకా దిగబెట్టి, బయట బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి వదిన గొంతు వినిపించింది. మెల్లగా, ఆగి ఆగి, అరగంట దాకా చెబుతూనే ఉంది.