కొండ మీద ఎనిమిది నిమిషాలు

మా ఆయన ముప్పయ్యేళ్ళు సిటీ బస్సు నడిపారు. ఆఖరి పదకొండేళ్ళూ ఇరవై ఏడో నంబరు రూటే. మార్కెట్ దగ్గర బయల్దేరి, ఊరు దాటి, కొండ కింద ఆఖరి స్టాపులో తిరిగి వెనక్కి వచ్చే బస్సు అది. రోజుకి నాలుగుసార్లు ఆ కొండ మొహం చూసిన మనిషి, ఒక్కనాడూ దాన్ని ఎక్కిన పాపాన పోలేదు. రిటైరయ్యాక ఎక్కారు. అక్కడ మొదలైంది ఈ సంబరమంతా.

అంతకుముందు రెండు నెలలు నేను పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడతాను, ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను. ఆయన నా వెనకే కుర్చీ వేసుకుని, కిటికీలోంచి రోడ్డు చూస్తూ, వెళ్ళే ప్రతి బస్సూ ఎన్ని నిమిషాలు లేటో పైకి చెప్పేవారు. బస్సులు అయిపోతే నా మీద పడేవారు. టీ నాలుగు నిమిషాలు లేటు, భోజనం తొమ్మిది నిమిషాలు లేటు. ఇంకొన్నాళ్ళు అలాగే సాగితే నా కత్తెర గుడ్డలతో ఆగేది కాదు.

ఒక ఆదివారం ఏం బుద్ధి పుట్టిందో, టిక్కెట్టు కొనుక్కుని మామూలు మనిషిలా ఇరవై ఏడు ఎక్కి వెళ్ళారు. కొండెక్కి, దిగి, భోజనం వేళకి ఇంటికొచ్చారు. మొహం చేటంత అయింది. ఇక ఆగితేనా? ప్రతి రూటుకీ ఒక ఆఖరి స్టాపు ఉంటుంది కదా, అక్కణ్ణుంచి ఏదో ఒక దారి పోకుండా ఉండదని ఆయన వాదం. చెరువు చుట్టూ ఒకటి, కాలవగట్టు మీద ఒకటి, మూసేసిన రాళ్ళ క్వారీ పక్కనుంచి ఒకటి, ఇలా తొమ్మిది నడకలు పోగుచేశారు. అన్నీ పొద్దున్న బస్సులో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరేవే. కారు లేనివాళ్ళు, కొండలెక్కే అలవాటు లేనివాళ్ళు కూడా వెళ్ళగలిగేవే. ఒక్కో నడకకి ఒక్కో కాగితం, డ్యూటీ చార్టులా గళ్ళు గీసి మరీ రాశారు.

ఆ కాగితాలు పట్టుకెళ్ళి మా వీధి చివరి లైబ్రరీలో చూపించారు. కళ్ళజోడుకి దారం కట్టి మెడలో వేసుకునే లైబ్రేరియన్ గారు తెగ ముచ్చటపడ్డారట. లైబ్రరీ వాళ్ళు ఏటా ఒక చిన్న పుస్తకం అచ్చువేసి పాఠకులకి ఊరికే పంచుతారు. ఈసారి ఇదే వేద్దామన్నారు. కానీ ఆవిడ ఒక షరతు పెట్టారు. రాసిన మనిషి కాకుండా వేరేవాళ్ళు ఒక కాగితం పట్టుకుని నడిచి, అందులో చెప్పిన బస్సుకే తిరిగి రాగలగాలి. నమ్మి వెళ్ళినవాళ్ళని కొండ కింద వదిలేసే పుస్తకం తన చేతుల మీదుగా పంచనని మొహమాటం లేకుండా చెప్పారట. ఆదివారం తనే వస్తానని, తోడుగా నడక అలవాటు లేనివాళ్ళు ఇంకొకరుంటే మంచిదని అన్నారట.

నడక అలవాటు లేనివాళ్ళ కోసం మా ఆయన ఎక్కువ దూరం వెతకాల్సిన పని పడలేదు.

ఆ వారమంతా ఆయనకి తిండి సహించలేదు. పుస్తకం మీద తన పేరు ముందు వేస్తారా వెనక వేస్తారా అని నన్ను రెండుసార్లు అడిగారు. బస్సులు తప్ప ఇంకేదీ పట్టని మనిషి అలా అడిగేసరికి నాకు లోపల కలుక్కుమంది. స్టీరింగు వదిలాక తనకి చేతనైన పని ఇంకొకటుందని ఆయనకి ఆ పుస్తకమే చెప్పాలి. అది అచ్చు కావాలని నేనూ గట్టిగా కోరుకున్నాను.

ఆదివారం ఏడూ నలభై బస్సెక్కి ఎనిమిదిన్నరకి కొండ కింద దిగాం. ఒప్పందం ప్రకారం కాగితం లైబ్రేరియన్ గారి చేతిలో ఉంటుంది, పక్కన నేను, పది అడుగుల వెనక ఆయన. నోరు విప్పకూడదు. ఆయన నోరైతే విప్పలేదు కానీ దగ్గు మాత్రం ఆపుకోలేకపోయారు. మేం ఎక్కడ నిలబడినా వెనకనుంచి ఒక దగ్గు.

కాగితంలో మొదటి వరుసలో ‘8.30 బయలు. కుడి మలుపు. 8.55 వాగు’ అని ఉంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆ వాగు నీళ్ళు ఎంత తేటగా ఉంటాయో, అడుగున గులకరాళ్ళు ఎలా మెరుస్తాయో ఎవరు రాస్తారు? నేను బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టాను. దగ్గు వినిపించింది. లైబ్రేరియన్ గారు కూడా బూట్లు విప్పారు. ఈసారి రెండు దగ్గులు వినిపించాయి.

దారి కష్టమైంది కాదు. పసుపు పూల పొదల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ పోతుంది. అయినా మిషను తొక్కే కాళ్ళకి, కొండెక్కే కాళ్ళకి తేడా ఉంటుందని నాకు పెద్ద బండ దాటేసరికి తెలిసొచ్చింది. ఆయాసపడుతూ, ఆయన్ని లోలోపల తిట్టుకుంటూ, పది ఇరవైకి పైకి చేరాను. కాగితం లెక్కకి అప్పటికే పావుగంట వెనకపడ్డాం.

పైకి చేరాక మాత్రం తిట్లన్నీ మర్చిపోయాను. ఒకవైపు ఊరంతా, ఇంకోవైపు ఊరు లేకపోవడమంతా. గాలి నన్ను తోసేస్తున్నంతగా వీస్తోంది. ఇరవై రెండేళ్ళుగా సూది కింద జానెడు గుడ్డ చూస్తూ బతికినదాన్ని, ఒక్కసారి అంత చోటు కనబడేసరికి పట్టలేని నవ్వొచ్చింది. చిన్నపిల్లలా నవ్వాను. లైబ్రేరియన్ గారు ఫ్లాస్కులోంచి టీ పోశారు, నేను ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు తీశాను. అప్పుడు ఆవిడ కాగితంలో తర్వాతి వరుస చదివి కళ్ళజోడు తీసేశారు. ‘పైన 8 ని.’ అని ఉంది.

ఎనిమిదే ఎందుకని ఆయన్ని అడిగారు. మాట్లాడే అవకాశం దొరికిందని ఆయన రెండడుగులు ముందుకొచ్చారు.

“ఆఖరి స్టాపులో ఎనిమిది నిమిషాలే ఇస్తారండి. బస్సు తిప్పుకోవాలి, మంచినీళ్ళు తాగాలి, అంతే కదా.”

లైబ్రేరియన్ గారు నన్ను చూశారు, నేను ఆవిణ్ణి చూశాను. కాగితం మొత్తం మళ్ళీ చదివాం. కూర్చోవడానికి ఎక్కడా ఒక్క నిమిషం లేదు. అన్నీ చక్రాలు తిరిగే నిమిషాలే. ఒక్క ఈ నడకలోనే కాదు, మిగతా ఎనిమిది కాగితాల్లోనూ నడక చివర అదే ఎనిమిది నిమిషాలట. ముప్పయ్యేళ్ళు బస్సు తిప్పిన మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

గుడ్లు గబగబా మింగేసి పరుగులాంటి నడకతో దిగాం. మోకాళ్ళు గోల పెట్టాయి. పదకొండున్నర బస్సు తప్పితే రెండున్నర దాకా ఇంకోటి లేదు. ఆదివారాలు అంతే. ఆఖరి మలుపు తిరిగేసరికి పదకొండూ ముప్పై ఎనిమిది అయింది. పుస్తకం పోయిందనుకున్నాను. తీరా చూస్తే బస్సు అక్కడే ఉంది.

బస్సు నడిపే అతను ఒకప్పుడు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. కొండ దిగుతున్న తలకాయని గుర్తుపట్టి ఇంజను ఆపేసి కూర్చున్నాడు. లోపల జనం విసుక్కుంటున్నారు. “రండి గురువుగారూ, మీకోసమే ఆపాను” అని తలుపు తీశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. లైబ్రేరియన్ గారు మెట్టు మీద కాలు పెట్టేశారు కూడా. మా ఆయన కదల్లేదు.

“నువ్వు ఎన్నింటికి కదలాలి?”

“పదకొండున్నరకండి.”

“ఆ కాగితం చదివి వచ్చేవాళ్ళు ఎవరో నీకు తెలీదు. వాళ్ళ కోసం ఆగవు కదా? మరి మాకోసం ఎందుకు ఆగావు? పద.”

అతను బిక్కమొహం వేసుకుని నన్ను చూశాడు. లైబ్రేరియన్ గారు మెల్లగా కాలు వెనక్కి తీశారు. బస్సు వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికందిన పుస్తకాన్ని చేతులారా పారేసుకున్నారని, ఒక్కసారి ఆ మెట్టెక్కితే ఏం పోయేదని, వారం రోజులుగా తిండి మానేసింది ఇందుకేనా అని, స్టాపులో బెంచీ మీద కూర్చుని దులిపేశాను. లైబ్రేరియన్ గారు, షరతు షరతే కాబట్టి ఈ కాగితాన్ని ఇలా అచ్చువేయలేనని బాధగానే చెప్పారు. వేయకూడదని ఆయన కూడా ఒప్పుకున్నారు. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి, కాగితం వెనక్కి తిప్పి, నా పక్కన కూర్చున్నారు.

“వాగు దగ్గర నీకు ఎంతసేపు కావాలి?”

నేను తిట్టడం ఆపేశాను. పెళ్ళయి ముప్పయ్యొక్కేళ్ళయింది. పద అన్నారు, ఇంకా కాలేదా అన్నారు, నీవల్లే లేటు అన్నారు. నీకెంతసేపు కావాలని ఆయన అడగడం నేనెప్పుడూ వినలేదు. పావుగంట అన్నాను. రాసుకున్నారు. బండ దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి పది. దిగేటప్పుడు మోకాళ్ళకి ఇంకో పది. అన్నీ రాసుకున్నారు.

“మరి పైన?”

అది ఇక్కడ కూర్చుని చెప్పలేనన్నాను. మళ్ళీ ఎక్కి చూడాలి.

లైబ్రేరియన్ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆగిన బస్సుని పంపేసిన మనిషి రాసే లెక్కని జనం నమ్మవచ్చు, ఇంకో ఆదివారం చూద్దాం అన్నారు. ఏడూ నలభై బదులు ఆరూ పది బస్సుకి బయల్దేరితే గంటన్నర కలిసొస్తుంది, సగం రోజు సగం రోజుగానే ఉంటుందని ఆవిడే లెక్క తేల్చారు. రెండున్నర దాకా ముగ్గురం ఆ బెంచీ మీదే కబుర్లు చెప్పుకున్నాం. పిక్కలు పట్టేసి, ఆ సాయంత్రం నేను మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

తర్వాతి ఆదివారం ఏడింటికల్లా ముగ్గురం కొండ కింద ఉన్నాం. వాగులో పూర్తిగా పావుగంట ఆడుకున్నాను. బండ మీద పది నిమిషాలు వెల్లకిలా పడుకున్నాను. తొమ్మిదీ అయిదుకి పైకి చేరి, గాలికి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఆయన నా పక్కనే కూర్చున్నారు. ఊళ్ళో మా వీధి ఎక్కడుందో వేలుతో చూపించారు. అది కాదని నేను ఇంకోటి చూపించాను. కాసేపు పోట్లాడుకున్నాం. ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు. నా మనసు నిండేదాకా కూర్చుని, ఇక వెళ్దామన్నాను. అప్పుడు వాచీ చూసి, నలభై రెండు నిమిషాలని రాసుకున్నారు.

పదకొండూ పన్నెండుకి స్టాపులో ఉన్నాం. పదకొండున్నరకి బస్సు కదిలింది, ఎవరికోసమూ ఆగకుండా, మేం ముగ్గురం లోపల దర్జాగా కూర్చుని ఉండగా. లైబ్రేరియన్ గారు తన డైరీలో టిక్కు పెట్టి, పుస్తకం అచ్చుకి వెళ్తుందన్నారు. మా ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. దుమ్ము పడిందన్నారు. కిటికీ మూసే ఉంది. నాకెంత సంతోషమేసిందంటే ఆయన్ని ఏడిపించడం కూడా మానేశాను.

అయితే మిగతా ఎనిమిది కాగితాల్లోనూ ఆ ఎనిమిది నిమిషాలే ఉన్నాయి, అవన్నీ నడిచి మళ్ళీ రాయాలి, మూడు నెలలు గడువిస్తానని లైబ్రేరియన్ గారు గుర్తుచేశారు. ఆయన కాసేపు టోపీ అటూ ఇటూ తిప్పారు. తర్వాత నావైపు కొంచెం జరిగారు.

“నువ్వు లేకపోతే అవి రాయడం నావల్ల కాదు. నీకు మిషను పనుంటుంది, యూనిఫారాల రోజులు. నీకెప్పుడు వీలైతే అప్పుడే వెళ్దాం. టైము నువ్వే చెప్పు.”

కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించాను. అంతకంటే ఎక్కువసేపు నావల్ల కాలేదు.

“వచ్చే ఆదివారం, ఆరూ పదికి” అన్నాను. “లేటు చేయకండి.”