లేబుల్ లేని డబ్బా

పిల్‌సున్‌కి భయపడటానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. కూతురు ఫోను ఎత్తకపోతే బస్సు బోల్తా పడిందనుకుంటుంది. ఎత్తితే, గొంతు బొంగురుగా ఉంది, ఊపిరితిత్తులకేమైనా వచ్చిందేమో అనుకుంటుంది. కొరియాలోని గున్సాన్ రేవు దగ్గరి స్నానశాలలో, ఆడవాళ్ళ వైపు, పందొమ్మిదేళ్ళుగా ఒళ్ళు రుద్దే పని ఆమెది. చదివింది ఎనిమిదో తరగతి. కానీ వేడినీళ్ళలో నానిన వీపు మీద తడిచెయ్యి ఆనించిందంటే, ఆ మనిషికి నిద్ర చాలడం లేదో, తిండి సహించడం లేదో, కొత్త కోడలితో పడటం లేదో చెప్పేయగలదని రేవంతా పేరు.

ఆ వసంతంలో స్నానశాల ఆడవాళ్ళకి కొత్త పిచ్చి పట్టుకుంది. ఫోనులో ఏదో వచ్చిందట. క్రీము పేరు కొడితే అందులో ఏమేం కలిపారో వరసగా చూపిస్తుంది. మంచివాటికి ఆకుపచ్చ చుక్క, అనుమానం ఉన్నవాటికి ఎర్రచుక్క. తలకు తువ్వాలు చుట్టుకుని, ఉడికిన గుడ్లు ఒలుచుకుంటూ, అందరూ ఒకరి క్రీము ఒకరు పరీక్షించడమే పని.

"నాది మూడు ఎర్రచుక్కలు!" అంది ఒకావిడ గుండె పట్టుకుని.

"మూడేనా? నీ మొహానికి మూడు చాలవులే, ఇంకో పది తెప్పించు," అంది కూరల కొట్టు బోక్‌జా. ఊళ్ళో సగం ఇళ్ళకి ముల్లంగి కూరలూ, ఎండుచేపల వేపుళ్ళూ ఆవిడ కొట్టునుంచే వెళతాయి. మాటల్లో కారం కూడా అక్కడిదే.

పిల్‌సున్ నవ్వలేదు. ఆమె మనసు అప్పటికే ఇంటికెళ్ళి, కూతురు దామి అద్దం ముందున్న క్రీము డబ్బా మూత తీసేసింది.

దామికి ఇరవయ్యారు. రెండేళ్ళుగా ఉద్యోగాల వేట. రేవు అవతల సముద్రపు నాచు పొట్లాలు కట్టే కంపెనీ ఒకటి ఉంది. వాళ్ళు మూడు వారాల్లో ఇంటర్వ్యూకి రమ్మన్నారు. పిల్ల బెంగంతా బుగ్గల మీద లేచిన పొక్కుల గురించే. "మొహం బాగుంటే నాకు గొంతు పెగులుతుందమ్మా, లేకపోతే తలొంచుకుని కూర్చుంటాను," అనేది. పోయిన రెండు ఇంటర్వ్యూల్లోనూ అలాగే తలొంచుకుని కూర్చుని వచ్చింది.

ఆ రాత్రి పిల్‌సున్ కళ్ళజోడు పెట్టుకుని, డబ్బా మీది పేరు ఒక్కో అక్షరమే ఫోనులో కొట్టింది. ఆరు ఎర్రచుక్కలు వచ్చాయి.

"దామీ! ఆరే! ఆరు!"

"ఏ ఆరు?"

"విషాలు!"

దామి ఫోను లాక్కుని చూసి పకపకా నవ్వింది. "ఎర్రచుక్కంటే విషం కాదమ్మా. కొందరికి పడకపోవచ్చని. ఇదిగో, ఇది నిమ్మ వాసన కోసం వేసింది. ఇంకోటి చెడిపోకుండా. నీ లెక్కన చూస్తే మన కిమ్చీ పచ్చడి కుండకి కూడా ఎర్రచుక్కే పెట్టాలి."

"కిమ్చీ మొహానికి రాసుకోముగా!"

"నువ్వు రాస్తావు, నాకు తెలుసు."

పిల్ల నవ్వితే నవ్వింది. తల్లికి మాత్రం కంటిమీద కునుకు లేదు. ఆరు చుక్కలూ ఆరు కళ్ళలా చీకట్లో తననే చూస్తున్నాయి.

మర్నాడు రుద్దే బల్లమీద బోర్లా పడుకున్న బోక్‌జాతో మొర పెట్టుకుంది. బోక్‌జా తల కూడా ఎత్తకుండా, "ఓస్ ఇంతేనా! మా తోటికోడలు కొండల్లో క్రీము చేస్తుంది. మాచిపత్రి, తవుడు, తేనె. అంతే. మందు చుక్క లేదు, మాయ లేదు. నా మొహం చూడు, నెల్లాళ్ళుగా అదే," అంది.

నిజమే. అరవై దాటిన బోక్‌జా మొహం కొత్త పింగాణీలా మెరుస్తోంది.

"ఏమేం కలిపారో రాసి ఉంటుందా అక్కా?"

"కొండలో చేసిందానికి రాతలేమిటే? రాతలుండేది దాచాల్సింది ఉన్నవాళ్ళకి!"

ఆ మాట పిల్‌సున్‌కి ఎంత బాగా నచ్చిందంటే, ఇంటికెళ్ళేదాకా దారంతా తనలో తనే అనుకుంటూ నడిచింది. బోక్‌జా తెప్పించి ఇచ్చినది పసుపుపచ్చ క్రీము, ఒట్టి గాజు డబ్బా. లేబుల్ లేదు కాబట్టి భయపడటానికి చుక్కా లేదు. జన్మలో మొదటిసారి ఆమె ఒక విషయంలో నిశ్చింతగా ఉంది.

దామిని అడిగితే ఒప్పుకోదు. అందుకని పిల్ల బయటికెళ్ళినప్పుడు అద్దం ముందున్న డబ్బాని ఖాళీ చేసి, వేణ్ణీళ్ళతో కడిగి, తుడిచి, కొండ క్రీముని అందులో కూరింది. పాత క్రీము సింకులో పారబోయబోయి ఆగింది. సముద్రంలో చేపలు చస్తాయేమో! కాగితంలో చుట్టి, ఇంకో కాగితంలో చుట్టి, చెత్తలో పడేసింది.

మూడు రోజుల్లో పొక్కులు అణిగిపోయాయి. అయిదో రోజుకి దామి బుగ్గలు ఒలిచిన గుడ్డులా ఉన్నాయి. అద్దం ముందు నిలబడి, "నమస్కారం, నా పేరు దామి," అని గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి వింటూ పిల్‌సున్ పొంగిపోయింది.

ఇంటర్వ్యూ బుధవారం. ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు స్నానశాలకి వెళ్ళారు. పెద్ద పని ఏదైనా ముందుంటే అంతకు ముందు పిల్లని తల్లి రుద్ది పంపించాలి. పాత మట్టి ఒంటిమీద ఉండగా కొత్త అదృష్టం అంటదంటారు. ఇంట్లో అప్పటికే నాచు పులుసు బంద్. తింటే పరీక్షలో జారిపోతారని.

"ఆ కంపెనీ అమ్మేదే నాచు కదమ్మా!" అంది దామి బల్లమీద పడుకుంటూ.

"అమ్మితే అమ్మనీ. నువ్వు మాత్రం తినకు."

చేతికి గరుకు తొడుగు వేసుకుని వీపు, భుజాలు, కాళ్ళు రుద్దింది. బూడిదరంగు మట్టి వత్తులు వత్తులుగా రాలింది. మొహానికి మాత్రం ఆ తొడుగు వాడరు. దాన్ని తీసేసి, ఒట్టి తడి వేళ్ళతో దవడ నుంచి బుగ్గ మీదికి జరిపింది.

వేళ్ళు ఆగిపోయాయి.

తడిసిన చర్మం చేతిని కొంచెం పట్టుకుంటుంది. పందొమ్మిదేళ్ళలో వేల మొహాల మీద ఆమె వేళ్ళకి తెలిసిన సంగతి అది. ఇక్కడ పట్టు లేదు. ఉల్లిపొర మీద వేలు పెట్టినట్టు జారిపోయింది. వేలు నడిచిన మేర సన్నటి ఎర్రదారాలు పైకి తేలాయి.

"మంటగా ఉందా?"

"కొంచెం. నాలుగు రోజులుగా. రాసుకుంటే తగ్గుతోంది, మానేస్తే మళ్ళీ వస్తోంది."

పిల్‌సున్ తలెత్తి వేడినీళ్ళ తొట్టెవైపు చూసింది. పీకల్లోతు నీళ్ళలో బోక్‌జా కూర్చుని ఉంది. పింగాణీ మొహం. ఆవిరికి ఆ పింగాణీ కింద కూడా అవే ఎర్రదారాలు, ముక్కుకి అటూ ఇటూ. నెల రోజులు ఎదురుగా పెట్టుకుని, మెరుపు చూసిందే తప్ప వేలు పెట్టి చూడలేదు తను. ఇన్నాళ్ళూ లేనిపోని వాటికి భయపడి, భయపడాల్సినదాన్ని తనే డబ్బాలో కూరి పిల్ల అద్దం ముందు పెట్టింది.

బల్ల పక్కన చతికిలబడిపోయింది.

"అమ్మా? ఏమైంది? గుండెలో నొప్పా?"

"దామీ, ఆ డబ్బాలో ఉన్నది నీ క్రీము కాదే. నేను మార్చేశాను."

దామి తువ్వాలు కప్పుకుని లేచి కూర్చుంది. "తెలుసు."

"తెలుసా?"

"నాది తెల్లగా ఉంటుంది, నిమ్మ వాసన. ఇది పచ్చగా, మాచిపత్రి వాసన. మొదటి రోజే తెలిసింది."

"మరెందుకు రాసుకున్నావే పిచ్చిదానా!"

"నువ్వు చేశావనుకున్నా," అంది దామి మెల్లగా. "వంటింట్లో గొణుక్కుంటూ, తిట్టుకుంటూ నూరి ఉంటావని. నీ చేత్తో చేసింది నన్నేం చేస్తుందిలే అనుకున్నా."

దానికంటే చెంపదెబ్బ నయం.

తొట్టెలోంచి బోక్‌జా అంతా విననే విన్నది. "ఏంటే పిల్‌సున్, మా తోటికోడలు విషం అమ్ముతోందంటావా? ముప్పయ్యేళ్ళ నుంచి ఎరుగుదును దాన్ని!"

"నేనేమీ అనడం లేదు అక్కా. నీ బుగ్గమీద వేలు పెట్టుకుని చూసుకో. నువ్వు రోజూ కూరలకి ఎండుచేపలు ఏరుతావు. పొర పలచబడ్డదేదో నీ చేతికి తెలీదా?"

బోక్‌జా నీళ్ళలోంచి చెయ్యి తీసింది. చెయ్యి బుగ్గమీదికి వెళ్ళింది. అక్కడ వేలు పట్టు దొరక్క జారిపోయింది.

సోమవారం చర్మాల డాక్టరు దగ్గర ముగ్గురూ వరసగా కూర్చున్నారు. ఒళ్ళో గాజు డబ్బా పెట్టుకున్నది బోక్‌జాయే. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇందులో ఏముందో ఎవరికి తెలుసు?"

"కొండలో చేశారండీ. అంతా చెట్టూ చేమా," అంది బోక్‌జా. గొంతులో కారం లేదు.

"కావచ్చు. పరీక్ష చేయించందే నేనూ చెప్పలేను. కానీ తవుడూ తేనే మూడు రోజుల్లో ఇంత పని చెయ్యవు. ఇలా తగ్గి, ఇలా పలచబడితే స్టెరాయిడ్ లాంటి గట్టి మందేదో కలిసిందని అనుమానం. పంపించి చూద్దాం." దామి వైపు తిరిగింది. "ఇది ఆపేస్తే కొన్నాళ్ళు ఎర్రబడుతుంది. నేనిచ్చినది చెప్పినట్టే రాసి మెల్లగా తగ్గించండి. వాసన వేసేది ఏదీ వద్దు, మీ పాత నిమ్మ క్రీముతో సహా."

పిల్‌సున్ ముందుకి వంగింది. "డాక్టరమ్మా, నాచురల్‌వి రాయకూడదా ఇక? బియ్యం కడుగు, పెసరపిండి? మా అమ్మ వాటితోనే పెంచింది నన్ను."

"నాచురల్ అయితే చాలదండీ. జీడి రసం కూడా చెట్టుదే, తాకి చూడండి ఒళ్ళు పేలుతుంది. చర్మం కోలుకున్నాక, ఏదైనా సరే ముందు ముంజేతి లోపల. మూడు రోజులు చూసి, అప్పుడు మొహానికి."

"నా ముంజేతికా?"

"మీ ముంజేతికి రాసినంత మాత్రాన అమ్మాయికి పడుతుందని కాదుగా."

"ముందు నాకు, తరవాత దానికి," అంది పిల్‌సున్. డాక్టరమ్మ నవ్వి మందు చీటీ అందించింది.

మంగళవారానికి దామి బుగ్గలు ఎర్రటి మిరపకాయలయ్యాయి. బుధవారం పొద్దున పిల్‌సున్ కంగారు చెప్పనలవి కాదు. "పౌడరు వేస్తే? మాస్కు పెట్టుకుంటే? జలుబని చెప్తే? వెళ్ళకపోతే?"

"వెళ్తాను," అంది దామి చొక్కా కాలరు సరిచేసుకుంటూ. "దరఖాస్తు మీద ఫోటో ఉందిగా, అందులో స్టూడియోవాడు నాకు దవడ కూడా కొత్తది పెట్టాడు. కనీసం రంగైనా నాదే చూపిస్తా."

కంపెనీ ఎదుట బస్టాపులో పిల్‌సున్ గంటన్నర కూర్చుంది. ఏడు బస్సులు వచ్చి వెళ్ళాయి. బస్సు వచ్చినప్పుడల్లా పిల్ల బతుకు పాడుచేసింది తనేనని అనుకుంది. మళ్ళీ తలొంచుకుని ఉంటుంది. ఇంక ఎప్పటికీ ఎత్తదు.

దామి తలెత్తుకునే బయటికొచ్చింది.

"ఏమన్నారు? మొహం గురించి అడిగారా?"

"నోటితో అడగలేదు. మూలనున్న ఆవిడ కళ్ళతో అడిగింది. నేనే చెప్పేశాను, లేబుల్ లేని డబ్బా సంగతంతా."

"నా పేరు చెప్పావా!"

"లేదులే, 'మా ఇంట్లో ఒకావిడ' అన్నాను. ఆ ఉద్యోగం పొట్లం మీద రాసినదీ లోపల ఉన్నదీ ఒకటేనా అని చూసేదమ్మా. తేడా వస్తే ఏం చేస్తావన్నారు. 'పొట్లం ఆపుతాను. నా మొహాన్ని చూశారుగా' అన్నాను. మాట మధ్యలో నాకు గొంతు పెగిలిందో లేదో చూసుకోవడమే మర్చిపోయాను."

పిల్‌సున్‌కి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఏడుపుకే ఓటేసింది.

శుక్రవారం కబురొచ్చింది, మూడు నెలలు పనిచేయించి చూస్తారట. మూడు నెలల తరవాత తీసేస్తారేమోనని పిల్‌సున్ ఆ సాయంత్రం నుంచే భయపడటం మొదలుపెట్టింది.

వేసవి వచ్చేసరికి దామి బుగ్గలు మామూలు రంగుకొచ్చాయి. పొక్కులు ఒకటీ అరా ఉన్నాయి, ఉంటే ఉన్నాయని వదిలేసింది. డబ్బా ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. బోక్‌జా కొండకి ఫోను చేసి అరగంట అరిచి, తరవాత కొట్టులో ప్రతి కూర డబ్బా మీదా ఏమేం వేసిందో రాసి అతికించింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చదివి వినిపిస్తోంది.

పిల్‌సున్ ఎడమ ముంజేయి మాత్రం చూడాల్సిందే. బాల్‌పెన్నుతో గీసిన సున్నాలు, ఒక్కోదాని కింద పేరు, తేదీ. పెసరపిండి, బాగుంది. నేతిబీర నీళ్ళు, బాగుంది. నారింజ తొక్క, మండింది, వద్దు. రుద్దే బల్లమీద పడుకున్నవాళ్ళు దాన్ని గోడమీద నోటీసులా చదువుకుంటున్నారు.

ఒక పొద్దున దామి పనికి బయలుదేరుతుంటే పిల్‌సున్ ఒక చిన్న సీసా తెచ్చి అద్దం ముందు పెట్టింది. పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

సీసాకి తెల్ల కాగితం అతికించి ఉంది. దామి దాన్ని దగ్గరగా పట్టుకుని చదివింది. *బియ్యం, నీళ్ళు. ఇంకేమీ లేవు. మంగళవారం చేసింది. ఫ్రిజ్‌లో ఉంచాలి. శుక్రవారం పారబోయాలి. ముందు ముంజేతికి.*

"లోపముంది," అంది దామి, కంపెనీ గొంతుతో. "తయారు చేసినవాళ్ళ పేరు లేదు. ఈ పొట్లం ఆపాల్సి వస్తుంది."

పిల్‌సున్ పెన్ను తీసుకుని, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, కాగితం చివర *అమ్మ* అని రాసింది.

దామి చదివింది. మూత తీసి, రెండు చుక్కలు ముంజేతి లోపల రాసుకుని, చుట్టూ సున్నా గీసుకుని బస్సుకి పరిగెత్తింది.