మధ్యాహ్నంలోగా ఒక దుబాసీ

చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, గుమాస్తా కోర్టు కాగితాల కట్టకు తాడు బిగిస్తోంది. అవతల బట్టల వ్యాపారి నసుగుతున్నాడు.

“అరబిక్‌లో బేరమాడమంటే ఆడతానమ్మా. కోర్టులో నిలబడి ఇంగ్లీషులో చెప్పమంటే నా కాళ్ళు ఆడవు.”

“పోనీ కూర్చుని చెప్పండి.”

అతను ఫోను పెట్టేశాడు. పొద్దున దొరికిన ఇంకో దుబాసీ తీరా చూస్తే ఈ కేసులోని పిల్ల తండ్రికి పినతండ్రి కొడుకు. చుట్టరికం ఉన్నవాళ్ళు పనికిరారు.

నడవాలో బెంచీ మీద తల్లి కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. తల్లికి అరబిక్ తప్ప మరో భాష రాదు. మధ్యాహ్నంలోగా ఆమె మాటను ఇంగ్లీషులో చెప్పే మనిషి దొరక్కపోతే, తండ్రి ఇచ్చిన కాగితాలు చూసే పిల్ల ఎవరి దగ్గరుండాలో నిర్ణయిస్తానన్నారు జడ్జిగారు. సాయంత్రం విమానానికి ఆ తండ్రి పిల్లకు టికెట్ కూడా కొనేశాడు.

గుమాస్తా ఉద్యోగమంతా ఇదే. వచ్చినవాళ్ళది ఏ భాషో కనుక్కోవడం, అది వచ్చినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడడం. అన్ని భాషల్లోనూ ఆమె నేర్చుకున్నది ఒక్క మాటే: కాసేపు కూర్చోండి. అది ఎవరైనా అర్థం చేసుకుని కూర్చుంటే మాత్రం ఆ రోజంతా ఆమెకు పండగే.

ఇక మిగిలింది ముసలి దుబాసీ. మంచం పట్టాడని తెలిసే ఇంతసేపూ ఆయన జోలికి పోలేదు. ఫోనులో చెప్పించడానికి జడ్జిగారిని ఒప్పించి, పక్కవీధిలో ఆయన ఇంటికి పరుగెత్తింది.

“నాతో పలకడానికి ఓపికుండదు. కోర్టంటే చాలు, లేచి కూర్చుంటారు,” అంటూ ఆయన భార్య దిండ్లు ఎత్తు చేసింది.

“నువ్వు ప్రమాణం చేయించి అడగవుగా,” అన్నాడాయన. “అమ్మాయ్, ఆ చొక్కా గుండీలు పెట్టు.”

“ఫోనేగా బాబాయిగారూ, ఎవరికీ కనబడదు.”

“నాకు కనబడుతుందిగా.”

ఫోనులో తల్లి గొంతు వినిపించగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. దుబాసీ ‘ఆమె’ అనకూడదు, ‘నేను’ అనాలి. అదీ పద్ధతి.

“నేను దీని తల్లిని. రాత్రుళ్ళు దీనికి ఆయాసం వస్తుంది. భుజాన వేసుకుని తెల్లారేదాకా నడుస్తాను. ఇది ఎటు తిరిగి పడుకుంటే ఊపిరాడుతుందో వాళ్ళ నాన్నకు తెలియదు.”

తెల్లగడ్డం వెనక నుంచి ఆ మాటలు వస్తుంటే గుమాస్తాకు నవ్వు రాలేదు. ఆయన పెదాలు నల్లబడుతున్నాయి.

“చాలు బాబాయిగారూ, వాయిదా అడుగుతాను.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఫోను లాక్కోవాలని ఆమె చెయ్యి చాచింది. నడవాలోని బెంచీ గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

చివరి మాట దాకా చెప్పాడు. ప్రశ్నలుంటే ఆలోచించుకోమని తండ్రి తరఫు వకీలుకు జడ్జిగారు కాస్త గడువిచ్చారు.

“గొంతు ఎండిపోయింది. ఏలక్కాయ ఒకటి వలిచి పట్రా,” అన్నాడు భార్యతో. ఆవిడ గొణుక్కుంటూనే వంటింట్లోకి వెళ్ళింది.

ఫోనులో మళ్ళీ జడ్జిగారు. వకీలు ప్రశ్నలేమీ లేవన్నాడట. విచారణ పూర్తయ్యేదాకా పిల్ల తల్లి దగ్గరే ఉంటుందన్నారు. అక్కడెవరో సైగ చేసి చూపించారు కాబోలు, తల్లి ఏడుస్తూ అరబిక్‌లో చాలాసేపు ఏదో చెప్పింది.

ఏమంటోందన్నట్టు గుమాస్తా ఆయన వైపు తిరిగింది. చొక్కా గుండీలు కదలడం లేదు.

“అప్పుడే నిద్రపోయారా?” అంది ఆయన భార్య గుమ్మంలోంచి.

గుమాస్తా మెల్లగా లేచి ఆవిడ భుజం పట్టుకుంది. ఆవిడ చేతిలోని సాసరులో వలిచిన ఏలక్కాయ, నల్లటి గింజలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.