పదకొండో కుండీ

మా పెదనాన్న కొడుకు దామోదరన్ అన్న మదురైలో చదువు ముగించి పరిశోధన మొదలుపెట్టాడు. సిలోన్ దీవిలో తప్ప ఇంకెక్కడా పెరగని పన్నెండు రకాల మొక్కల విత్తనాలను వాళ్ళ ప్రొఫెసర్ తెప్పించి ఇస్తే, సేత్తూరులో మా పెరట్లో కుండీల్లో వేశాడు. వాటి వేళ్ళలో క్రోమోజోములు లెక్కపెట్టాలి. సూక్ష్మదర్శినిలో దారపు ముక్కల్లా కనబడతాయవి. ఒక్కో జాతికి ఒక్కో లెక్క.

నీళ్ళు పోయడం నా పని. పొద్దున్నే వేరు కొనలు తుంచి, స్పిరిటు సీసాలో వేసి, ముందు గదిలో ఉన్న అన్నకు ఇచ్చేదాన్ని. బురదంటే అసహ్యం, ఆయన పెరట్లోకి రాడు. కొన్నాళ్ళకు వేరుకు ఎర్రరంగు పట్టించి గాజుపలకల మధ్య నొక్కడం కూడా నాకే అప్పగించాడు. తర్వాత కళ్ళు నొప్పి అని లెక్కపెట్టడం కూడా. నాకు నొప్పి పుట్టలేదు. కుండీ నంబరు, తేదీ, లెక్క, బొమ్మ అన్నీ నా నోటుబుక్కులో రాసుకున్నాను. అచ్చయ్యే పట్టికలో నీ పేరూ వేయిస్తానని ఆయనే అన్నాడు. నేను అడగలేదు.

అన్న సిద్ధం చేసిన పట్టిక చూస్తే కింద ఒక్కటే పేరు, ఆయనది.

"అన్నా, నా పేరు..." అన్నాను.

"నీ పేరా! నాగమ్మాళ్ చిన్నమ్మా, ఇన్నావా? మీ జక్కమ్మ పేరు అచ్చులో రావాలంట. ఏమని వేసేది, కుండీలకు నీళ్ళు పోసిన పిల్ల అనా?"

అమ్మ కూడా నవ్వింది. అదే ఎక్కువ మండింది.

పట్టికలో పదకొండో వరస ఒక్కటే ఖాళీ. మరునాడు చూస్తే ఆ కుండీలో సిలోన్ మొక్క ఎండిపోయింది. పక్కనే తుంబ మొలిచింది. చేనిగట్ల మీది తుమ్మినే మేము తుంబ అంటాం. చెబుదామని వెళ్ళాను.

"అన్నా, పదకొండో కుండీలో..."

"వాయి మూసుకో. వేరు తెచ్చి ఇయ్యి, సాలు."

నోరు మూసుకున్నాను. ఎండిన మొక్కను పీకి పారేసి, తుంబ వేరు తెచ్చాను. లెక్కపెట్టమంటే నిజంగానే లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది.

అన్న ఎగిరి గంతేశాడు. ఈ మొక్క చుట్టాలకు మన దేశంలో వేరే లెక్క ఉందట. దీవిలో ఒంటరిగా పెరిగి లెక్కే మారిపోయిందని పెద్ద వ్యాసం రాశాడు.

నేను రోజూ ఆ తుంబకు అన్నిటికన్నా ముందు నీళ్ళు పోశాను. పూస్తే ఎవరైనా గుర్తుపడతారు. అందుకని మొగ్గ కనబడగానే గిల్లేశాను. ప్రొఫెసర్ వస్తున్నట్టు కార్డు వచ్చిన రోజు నుంచి గిల్లడం మానేశాను.

ప్రొఫెసర్ వెంకటరామన్ గారిది మా పక్కనున్న రాజపాళయమే. వ్యాసం చదివి, "చెడిని చూస్తాను," అన్నారు. మొక్కను మా వైపు చెడి అంటారు.

"జక్కా! పదకొండో కుండీ తే!" అని అన్న కేకేశాడు.

తెల్లగా విరగబూసిన కుండీని తెచ్చి బల్ల మీద పెట్టాను.

ముందు అమ్మే నోరు తెరిచింది. "ఏందిరా దామూ, ఈ తుంబనా ఇన్ని దినాలు సిలోన్ సిలోన్ అంటివి? మన గట్టు మీద బండెడు ఉండాదే!"

అన్న మొహం పాలిపోయింది. "నేను లెక్కపెట్టలేదు సార్. ఈ పిల్లే లెక్కపెట్టింది. వి. జక్కమ్మ సార్."

ఇనిషియలుతో సహా చెప్పాడు. మొదటిసారి.

ప్రొఫెసర్ ఆ వేరును తానే సూక్ష్మదర్శినిలో చూశారు. "లెక్క సరిగానే ఉండాది. చెడియే తప్పు. ఏమ్మా, నీకు తెలవదా?"

నోటుబుక్కు తెరిచి ఇచ్చాను. ఆయన పైకి చదివారు: "ఆని నెల 14. పదకొండో కుండీలో సిలోన్ మొక్క చచ్చిపోయింది. తుంబ మొలిచింది. అన్నకు చెప్పబోయాను. వాయి మూసుకోమన్నాడు."

పుటలు తిప్పారు. "తక్కిన పదకొండు లెక్కలూ నీవేనా?"

తలూపాను. ఆయన వ్యాసాన్ని మడిచి అన్న చేతికే ఇచ్చేసి, పట్టిక మాత్రం తీసుకుని, పెన్ను తెరిచి, అన్న పేరుకు పైన నా పేరు రాశారు.

వెళ్ళే ముందు తుంబ కొమ్మల్ని వేలితో ఎత్తి చూశారు. గిల్లిన చోట్లు ఎండి నల్లబడి ఉన్నాయి. నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను.

అది నోటుబుక్కులో రాయలేదు.