బొగ్గు గది గడియ

నారిన్ నగరంలో పెద్దాసుపత్రి ఉద్యోగం వదులుకుని సైకల్ తన సొంత ఊరి బడికి నర్సుగా వచ్చినప్పుడు, అందరూ ఆమెకు మతి పోయిందనుకున్నారు. తల్లికి మోకాళ్ళ నొప్పులని, దగ్గరుండి చూసుకోవాలని ఆమె చెప్పింది. అది అబద్ధం. ఎసెన్‌కుల్ కోసం వచ్చింది.

ఎసెన్‌కుల్ ఆ బడికి డైరెక్టరు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన 'అగాయ్', అంటే మాస్టారే. సగం ఊరు ఆయన దగ్గరే అక్షరాలు దిద్దింది. ఇరవై రెండేళ్ళ క్రితం, ఇంకా మామూలు మాస్టారుగా ఉన్నప్పుడు, మూడో తరగతి చదువుతున్న సైకల్ చెల్లెలు బాత్మా నోటుబుక్కు తేలేదని బొగ్గు గదిలో పెట్టి గడియ వేశాడు. జనవరి నెల. ఆ మధ్యాహ్నమే ఎవరింట్లోనో విందుంటే వెళ్ళి, పిల్ల సంగతే మరిచిపోయాడు. చీకటి పడ్డాక బొగ్గు కోసం వచ్చిన పనివాడు తలుపు తీస్తే గోడను కరుచుకుని పిల్ల కనిపించింది. చలికి చచ్చుబడిన ఎడమ పాదానికి మూడు వేళ్ళు తీసేశారు. ఆ తర్వాత బాత్మా బడి గడప తొక్కలేదు. ఇప్పటికీ తలుపు మూసిన గదిలో పడుకోదు.

సైకల్ మర్చిపోలేనిది ఆ తర్వాత జరిగినది. ఊరి పెద్దలు రాజీ కోసం ఒక గొర్రెను తోలుకుని ఇంటికొచ్చారు. బడి పరువు, ఊరి పరువు అన్నారు. తండ్రి తల వంచుకుని ఒప్పుకున్నాడు. పదమూడేళ్ళ సైకల్ అందరికీ టీ పోసింది. ఎసెన్‌కుల్ కప్పు కూడా తనే నింపింది. ఆయన ఒక గుక్క తాగి, "చిన్నపిల్లల ఒళ్ళు కదా, ఇట్టే మానిపోతుంది" అన్నాడు. మళ్ళీ కప్పు చాచాడు. ఆమె మళ్ళీ పోసింది.

ఆ రెండో కప్పు ఆమె గొంతులో ఇరవై రెండేళ్ళుగా అడ్డం పడి ఉంది.

బడిలో చేరిన మొదటి వారంలోనే బొగ్గు గది ఇంకా పనిచేస్తోందని ఆమెకు తెలిసింది. మోకాళ్ళకు నల్లటి మసి పూసుకుని పిల్లలు వచ్చేవారు. చెవులు కమిలిపోయి, అరచేతులు వాచిపోయి వచ్చేవారు. సైకల్ వాళ్ళకు వేడి టీ ఇచ్చేది, కట్టు కట్టేది. తర్వాత ఒక మందపాటి పుస్తకం తెరిచి తేదీ, పేరు, దెబ్బ పొడవు, పిల్లలు చెప్పిన మాటలు ఉన్నదున్నట్టు రాసుకునేది.

ఏప్రిల్‌లో ఎసెన్‌కుల్‌కు అరవై నిండుతాయి. లోయలోని ఊళ్ళన్నీ రాబోతున్నాయి. ఆయన భుజాన కొత్త శాలువా కప్పి, తలకు తెల్ల టోపీ పెట్టి, ఒక్కొక్కరూ లేచి పొగుడుతారు. అప్పుడు తనూ లేవాలి, పుస్తకం విప్పి చదవాలి. అదీ ఆమె ఎత్తు. ఆయన మొహం ఎలా మారుతుందో రోజూ ఊహించుకునేది. ఒక్కో పేరు చేరుతున్నకొద్దీ ఆమెకు లోలోపల హుషారుగా ఉండేది. మసి మోకాళ్ళతో ఎవరైనా తలుపు దగ్గర కనిపిస్తే, మంచులో తోడేలు కొత్త అడుగులు దొరికిన వేటగాడిలా అయిపోయేది. ఫిబ్రవరి వచ్చేసరికి అలా ముప్పై ఏడుసార్లు రాసింది.

ముప్పై ఎనిమిదోసారి వచ్చింది ఐజాదా. ఎనిమిదేళ్ళ పిల్ల. అప్పటికే రెండుసార్లు వచ్చిపోయింది.

ఆ రోజు బయట చలి సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి దిగింది. పిల్ల వేళ్ళు కొనల దగ్గర తెల్లబడి ఉన్నాయి. సైకల్ వాటిని గోరువెచ్చని నీళ్ళలో ముంచింది. రక్తం తిరిగి పారుతుంటే నొప్పికి ఐజాదా పెదవి కొరుక్కుంది గానీ ఏడవలేదు.

"ఎందుకేశారు తల్లీ?"

"కిటికీలోంచి బయటికి చూశానని."

సైకల్ చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసింది. ఐజాదా ఆమె కలం వైపే చూస్తూ ఉంది.

"అక్కా, పోయినసారి కూడా రాశారు గదా?"

"రాశానమ్మా."

"అంతకుముందు కూడా రాశారు."

"అవును."

"మరి మళ్ళీ వేశారే! అది ఎవరు చదువుతారక్కా?"

చదివేవాళ్ళు ఎవరూ లేరు. ఏప్రిల్ దాకా ఉండరు. మొదటిసారి మసి చూసిన రోజే నోరు విప్పి ఉంటే ఈ పిల్ల మూడోసారి ఆ గదిలోకి వెళ్ళేది కాదు. తన పగకు బలం కావాలని పిల్లల్ని ఒక్కొక్కరినీ ఆ చీకట్లోకి పోనిచ్చింది. అప్పుడు తన చెల్లెల్ని మరిచిపోయినవాడికీ, ఇప్పుడు చూస్తూ రాసుకుంటున్న తనకూ తేడా ఏమిటో ఆమెకు ఆ క్షణంలో తోచలేదు. ఒళ్ళంతా మండింది. ఆ మంట సగం తన మీదే.

తెల్లకోటు విప్పకుండానే డైరెక్టరు గదికి వెళ్ళింది. ఎసెన్‌కుల్ తన పుట్టినరోజు విందులో ఎవరెక్కడ కూర్చోవాలో కాగితం మీద గీసుకుంటున్నాడు.

"రా నర్సమ్మా, రా! నిన్ను ఆడవాళ్ళ వైపు ముందు వరసలో వేశాను, చాలా?"

"చాలా ఎక్కువ అగాయ్. బొగ్గు గది గోడ పగిలినట్టుంది, బొగ్గు పొడి పిల్లల వైపు వస్తోంది. మీరోసారి చూడాలి."

"ఆ పనివాడికి చెప్పలేకపోయావా?"

"మీరు చూస్తేనే కదా పని అయ్యేది."

ఆ మాట ఆయనకు నచ్చింది. టోపీ సర్దుకుని, చేతులు వెనక్కి కట్టుకుని మంచు తొక్కుకుంటూ వచ్చాడు. గదిలోకి వంగి తొంగి చూశాడు. "ఏదీ పగులు?" అంటూ రెండడుగులు లోపలికి వేశాడు. సైకల్ తలుపు లాగి గడియ వేసింది.

"ఏయ్! ఏంటీ వేళాకోళం?"

ఆమె ఖాళీ బొగ్గు బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది.

"అగాయ్, బాత్మా గుర్తుందా?"

"ఏ బాత్మా? తలుపు తియ్యి ముందు!"

"మూడో తరగతి. ఎడమ కాలికి మూడు వేళ్ళు లేవు."

"ఎంతమంది పిల్లలకు చదువు చెప్పానో! అందరూ గుర్తుంటారా?" అన్నాడాయన. నిజంగానే గుర్తు లేదని ఆ గొంతు చెప్పింది. సిగ్గుతోనైనా గుర్తుంచుకుని ఉంటాడని ఇన్నేళ్ళూ అనుకుంది. అదీ లేదు.

"అయితే గుర్తొచ్చేదాకా ఉండండి" అంది.

మొదట తిట్టాడు. ఉద్యోగం పీకిస్తానన్నాడు, జైల్లో పెట్టిస్తానన్నాడు. తర్వాత, "నీ తండ్రిలాంటివాణ్ణి" అన్నాడు. ఆ తర్వాత గుండె నొప్పన్నాడు.

"సోమవారమే నేను పరీక్ష చేశాను అగాయ్. మీ గుండె గుర్రం గుండె."

చివరికి మాటలాగి ఏడుపు వినిపించింది. సైకల్ ఆ ఏడుపును చలిలో వేడి టీ తాగినట్టు విన్నది. సాయంత్రం దాకా ఉంచాలని మనసులో నిశ్చయించుకుంది.

గంట మోగింది. పిల్లలు వాకిట్లోకి వచ్చి, లోపలి గొంతు గుర్తుపట్టి ఆగిపోయారు. నవ్వుతారని, చప్పట్లు కొడతారని సైకల్ అనుకుంది. ఒక్కరూ నవ్వలేదు. చిన్నవాళ్ళు వెనక్కి జరిగారు. చేతులకు కట్టుతో ఐజాదా ముందుకు వచ్చింది.

"తీసెయ్యండక్కా. లోపల అస్సలేమీ కనిపించదు."

సైకల్ లేచి గడియ తీసింది. ఆయన మీద జాలితో కాదు. ఎసెన్‌కుల్ టోపీ లేకుండా, మోకాళ్ళకు మసితో, ముక్కు కారుతూ, రెండు వందల మంది పిల్లల ముందు బయటికి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేకపోయాడు.

గంటలో పోలీసు వచ్చాడు. "మనిషిని బంధించావా?" అని అడిగాడు.

"బంధించాను. రాసుకో. ఇది కూడా రాసుకో" అని సైకల్ పుస్తకం అతని చేతిలో పెట్టింది. అతను నిలబడే నాలుగు పేజీలు తిప్పాడు. ఐదో పేజీలో తన మేనల్లుడి పేరు చూసి కుర్చీ లాక్కున్నాడు.

అతన్ని అడిగి ఆమె పేజీలన్నిటికీ నకలు తీయించింది. ఆ వారమంతా గడప గడపకూ తిరిగి, ఏ పిల్ల మాటలు ఆ పిల్ల తల్లికి చదివి వినిపించింది. కొందరు తల్లులు, "మా కాలంలోనూ కొట్టేవారు, ఏమైంది?" అన్నారు. కొందరు వినలేక లేచి వెళ్ళారు. శుక్రవారానికి ఇరవై తొమ్మిది మంది బడి వాకిట్లో నిలబడ్డారు.

పెద్దలు మళ్ళీ సైకల్ ఇంటికి గొర్రెను తోలుకొచ్చారు. ఈసారి వాకిట్లోకి బాత్మా కుంటుతూ వచ్చింది. "తాడు వదలకండి, ఇలాగే వెనక్కి తోలుకెళ్ళండి. మా ఇంట్లో టీ అయిపోయింది" అని తలుపు పక్కన నిలబడింది. ముసలాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కదిలారు.

జిల్లా నుంచి విచారణ వచ్చింది. ఎసెన్‌కుల్‌ను తీసేశారు, కేసు పెట్టారు. అరవయ్యో పుట్టినరోజు పండుగ లేదు. కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ బొగ్గు గది గడియ ఊడపీకించింది. పిల్ల ఏం చెప్పినా నర్సు ఆ రోజే రాయాలని, మర్నాటికల్లా తను చదవాలని, ఏం చేశారో వారం లోపు ఆ పిల్లకే చెప్పాలని నియమం పెట్టింది. రాసే నర్సు మాత్రం సైకల్ కాదు. మనిషిని బంధించినందుకు ఆమె ఉద్యోగం పోయింది. అడిగితే, "పోనీ" అంది.

ఉద్యోగం పోయినట్టు ఉత్తర్వు వచ్చిన రోజు బాత్మా కిటికీ దగ్గర కూర్చుని కంబళి కుడుతోంది. ఇన్నాళ్ళూ ఒక్క ప్రశ్న కూడా వేయనిది, తలెత్తకుండానే అడిగింది.

"ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"ఎంతసేపు ఉంచావు?"

"ముప్పావు గంట. సాయంత్రం దాకా ఉంచుదామనే అనుకున్నా. ఒక పిల్ల తియ్యమంది."

బాత్మా దారాన్ని పళ్ళతో తెంపింది.

"మంచి పిల్ల" అంది. "నేనైతే తియ్యమనేదాన్ని కాదు."